ఆ గదిలో మీ అమ్మాయి గురించి ఎవరు మాట్లాడతారు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, దుగ్గిరాల దగ్గర పల్లె. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని, మావారు చిన్న ఉద్యోగి. మా అమ్మాయి విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. పదో తరగతిలో 600కి 588 వచ్చాయి. సీనియర్ ఒకరు అమెరికాలో డిగ్రీకి వెళ్ళారని విన్నప్పటి నుంచి తనూ అక్కడి ఎంఐటీకి (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి) దరఖాస్తు చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్తే, "మార్కులు అందరికీ ఉంటాయండీ, మీ అమ్మాయి ప్రొఫైల్‌లో ఏమీ లేదు" అన్నారు. ఆరు లక్షలు కడితే ఎన్జీవో పెట్టించి, రీసెర్చ్ పేపర్ వేయించి, ఒక యాప్ చేయించి ప్రొఫైల్ తయారుచేస్తారట. పొలం మీద అప్పు తెచ్చి కట్టమంటారా? జేఈఈ కోచింగ్ మాన్పించాలా? నిజంగానే తనకు చదువు తప్ప వేరే ఏమీ లేదు. సెలవులకు ఇంటికొచ్చినా వాళ్ళ తాతయ్యతో పసుపు యార్డుకు పోయి, ఏ లాట్ ఎంతకు పోయిందో నోటుబుక్కులో రాసుకుంటూ టైం వేస్ట్ చేస్తుంది. ఆరో తరగతి నుంచీ ఇదే పిచ్చి. బీరువా కింది అర నిండా ఆ పుస్తకాలే. ఏం చేయాలో తోచక మీకు రాస్తున్నాను.
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఆ ఆరు లక్షలు కట్టకండి. పొలం మీద అప్పు ఆలోచనే పెట్టుకోకండి. నేను పాతికేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. చివరి పదేళ్ళలో బయటి దేశాలకు దరఖాస్తు చేసే పిల్లలకు సిఫారసు ఉత్తరాలు రాశాను, వాళ్ళ వ్యాసాలు చదివి పెట్టాను. తల్లిదండ్రులు భయంతో ఇలా డబ్బు కట్టేయడం చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మనసు కష్టపడింది.

కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పినదాంట్లో ఒక మాట మాత్రం నిజం. మార్కులు చాలామందికి ఉంటాయి. 2018లో హార్వర్డ్ అడ్మిషన్ల మీద బోస్టన్ కోర్టులో విచారణ జరిగినప్పుడు లోపలి లెక్కలు కొన్ని బయటికొచ్చాయి. ఒక ఏడాది సుమారు 1,600 సీట్లకు అమెరికా పిల్లలే 26 వేల మంది దాకా దరఖాస్తు చేశారు. వాళ్ళలో దాదాపు 8 వేల మందికి స్కూల్లో ఒక్క పాయింటు కూడా తగ్గని గ్రేడ్లున్నాయి. అక్కడి కాలేజీల ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో, లెక్కల్లో 800కి 800 తెచ్చుకున్నవాళ్ళు 3 వేలకు పైనే. ఎంఐటీ సంగతి తీసుకుంటే, 2024లో 28 వేల పైచిలుకు దరఖాస్తుల్లో సుమారు 1,300 మందికి సీటొచ్చింది. విదేశీ పిల్లలకు దారి ఇంకా ఇరుకు. ప్రపంచం మొత్తం మీద ఏటా నూట యాభై మంది లోపే.

కాబట్టి ఇంకో పది మార్కులు ఎక్కువ తెస్తే పని అవుతుందని అనుకోకండి. మార్కులు ఫైలును చదివిస్తాయి. అవి లేకపోతే ఫైలు పక్కకు పోతుంది, ఉంటే ఎవరో ఒకరు కూర్చుని చదువుతారు. అసలు కథ అక్కణ్ణించి మొదలవుతుంది.

అక్కడ ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఒక అధికారి మీ అమ్మాయి ఫైలు చదువుతారు. ఆ రోజు అలాంటివి ఇంకా చాలా చదవాలి. బాగుందనిపిస్తే గుర్తుకోసం నాలుగు ముక్కలు రాసుకుంటారు. తర్వాత కమిటీ కూర్చుంటుంది. అక్కడ మీ అమ్మాయి ఉండదు, మీరు ఉండరు, నాలాంటి లెక్చరర్ ఉండడు. ఆ ఫైలు చదివిన మనిషే మిగతావాళ్ళకు ఈ పిల్ల ఎవరో చెప్పాలి. రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి.

మన ఊళ్ళల్లో సంబంధం కోసం ఎవరైనా వచ్చి "ఫలానా వాళ్ళమ్మాయి ఎలాంటిది?" అని అరుగు మీద కూర్చున్నవాళ్ళను అడిగితే ఏం చెబుతారు? మార్కులు ఎవరికీ గుర్తుండవు. "ఆ పిల్లా? మబ్బు పట్టిందంటే చాలు, ఎవరి కళ్లమని చూడదు, ముందు పరిగెత్తుకెళ్ళి పట్టా కప్పేస్తుంది" అంటారు. ఆ ఒక్క మాటతో పిల్ల కళ్ళముందు కనిపిస్తుంది. ఆ కమిటీ గదిలో కావలసింది అలాంటి మాటే.

ఇప్పుడు ఆరు లక్షలకు తయారైన ప్రొఫైల్‌ను ఆ బల్ల ముందు పెట్టి చూడండి. పదహారేళ్ళ పిల్ల, ఒక ఎన్జీవోకు ఫౌండరు, ఒక పేపరు, ఒక యాప్. ఆ ఎన్జీవో సరిగ్గా దరఖాస్తుకు ఏడాది ముందు పుట్టింది. పేపరు డబ్బు కడితే అచ్చువేసే పత్రికలో వచ్చింది. యాప్‌ను ఎవరూ వాడడం లేదు. ఇలాంటివి వాళ్ళ దగ్గరికి మన దేశం నుంచే కాదు, అన్ని దేశాల నుంచీ కట్టలుకట్టలుగా వస్తాయి. చదివే మనిషి "ఈ పిల్ల ఎవరు?" అని వెతుక్కుంటే అందులో ఎవరూ దొరకరు. పైగా ఆ పనుల్లో పడి మీ అమ్మాయి రెండేళ్ళు తనకు ఇష్టంలేని వాటి వెనక పరిగెత్తాలి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

అబద్ధం ఎంతదూరం పోతుందో కూడా చెప్పాలి. కాలేజీ సీట్ల కోసం పిల్లల్ని ఆటగాళ్ళుగా చూపించి కోచ్‌లకు లంచాలిచ్చిన వ్యవహారం 2019లో అమెరికాలో బయటపడింది. దాన్ని నడిపిన రిక్ సింగర్ అనే కౌన్సెలర్‌కు 2023లో మూడున్నరేళ్ళ జైలు పడింది. కొందరు తల్లిదండ్రులు కూడా జైలుకెళ్ళారు. సీటిచ్చాక అబద్ధమని తేలితే సీటు వెనక్కి తీసుకుంటారు, చదువు మధ్యలోనైనా పంపేస్తారు.

ఇక మీ ఉత్తరంలో చివరి వాక్యాల దగ్గరికి వస్తాను. మీరు టైం వేస్ట్ అన్న పని గురించే నేను రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అంటే ఐదారేళ్ళు. ఎవరూ చెప్పలేదు, మార్కులు రావు, బహుమతులు లేవు. అయినా ప్రతి సెలవుల్లో యార్డుకు వెళ్ళి ధరలు రాసుకుంది. ఎందుకు రాసుకుంటోందో మీరెప్పుడైనా అడిగారా? కోపంగా కాకుండా, నిజంగా తెలుసుకోవాలని?

నాకైతే వెంటనే ఎన్నో ప్రశ్నలు పుట్టాయి. కొమ్ముకూ కాయకూ ధరలో తేడా ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటోందా? ఒకే రోజు, ఒకే యార్డులో, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు లాట్లు వేరే ధరకు ఎందుకు పోతాయి? ఉడకబెట్టడంలో తేడానా, ఆరబెట్టడంలో తేడానా, పాలిష్ వల్లనా? తేమ ఎంతుందో వ్యాపారి చేత్తో విరిచి చూసి చెబుతాడే, ఆ చెయ్యి ఎంతవరకు నిజం చెబుతోంది? నాలుగు కొమ్ముల్ని తూచి, బాగా ఆరబెట్టి, మళ్ళీ తూస్తే తేమ లెక్క ఇంట్లోనే తేలుతుంది. అప్పుడు తాతయ్య అంచనాతో, వ్యాపారి అంచనాతో పోల్చి చూడవచ్చు. ఇంటర్ లెక్కలు, ఇంటర్ కెమిస్ట్రీ దీనికి సరిపోతాయి.

కానీ ఇవి నా ప్రశ్నలు. వీటిని తీసుకెళ్ళి ఆ పిల్ల ముందు పెట్టి "ఇవి చెయ్యి, సీటొస్తుంది" అనకండి. అలా అన్న రోజున ఆ పని తనది కాకుండా పోతుంది. దానికో ఇంగ్లీషు పేరు పెట్టించడం, వెబ్‌సైట్ చేయించడం, కలెక్టర్ గారితో ఫొటో తీయించడం కూడా వద్దు. తనకున్న ప్రశ్న ఏదో తననే చెప్పనివ్వండి. మీరు చేయగల సాయం ఒకటుంది: ఈసారి సెలవుల్లో యార్డుకు వెళ్తానంటే వెళ్ళనివ్వండి.

ఎంఐటీ దరఖాస్తులో చదువు కాకుండా చేసే పనులు నాలుగే రాయాలి. నాలుగే. కేవలం ఇష్టంకొద్దీ చేసే పని ఏమిటో చెప్పమని ఒక ప్రశ్న కూడా అడుగుతూ వచ్చారు. మిగతా చాలా కాలేజీలు వాడే కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో పది దాకా రాయవచ్చు, ఒక్కోదానికి 150 అక్షరాలు మాత్రమే. ఆ పట్టికలో కుటుంబ బాధ్యతలు అనే వర్గం, జీతానికి చేసే పని అనే వర్గం కూడా ఉన్నాయి. చెల్లెలికి పాఠం చెప్పడం, నాయనమ్మకు మందులు వేయడం, కోతల్లో కూలీల లెక్క రాయడం వంటివి మన పిల్లలు సిగ్గుపడి రాయరు. అవన్నీ రాయదగ్గవే. పిల్లలు ఎక్కడినుంచి వచ్చారో, అక్కడ ఏం దొరుకుతుందో, దొరికినదాంతో ఏం చేశారో చూస్తామని ఆ కాలేజీలే చెబుతాయి. దుగ్గిరాల పక్క పల్లెలో రోబోటిక్స్ ల్యాబ్ లేదేమని ఎవరూ అడగరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయం, మన దగ్గర ఎవరూ పట్టించుకోని విషయం చెబుతాను. సిఫారసు ఉత్తరాలు.

ఎంఐటీ రెండు ఉత్తరాలు అడుగుతుంది. ఒకటి లెక్కలో సైన్సో చెప్పిన టీచరుది, రెండోది భాష, చరిత్ర వంటివి చెప్పిన టీచరుది. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఒక్కో సెక్షన్‌లో ఎంతమందో మీకు తెలుసు. లెక్చరర్లు ఏడాది మధ్యలో మారిపోతారు. మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, ఆ మాస్టారి పేరు కూడా తెలియకుండా ఇంటర్ పూర్తిచేసే పిల్లలున్నారు. ఉత్తరం కావాలని వెళ్తే "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అంటారు. నేనూ మొదట్లో అదే చేశాను. ఒక టాపర్‌కు ఉత్తరం రాయాలని కూర్చుంటే ర్యాంకు తప్ప నాకేమీ గుర్తు రాలేదు. క్రమశిక్షణ గలవాడు, కష్టపడే తత్వం గలవాడు అని నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. ఆ నాలుగు వాక్యాలు ఆ ఏడాది నేను సంతకం చేసిన ప్రతి ఉత్తరంలోనూ ఉన్నాయి. ఆ పిల్లవాడికి నేను అన్యాయం చేశానని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొన్నేళ్ళ తర్వాత ఇంకో అబ్బాయి వచ్చాడు. క్లాసులో మొదటి పదిమందిలో లేడు. ఒకరోజు ప్రాక్టికల్స్ అయిపోయాక ల్యాబ్‌లో ఉండిపోయాడు. ఏమిట్రా అంటే, సన్నటి తీగ మందం కొలిచే స్క్రూగేజ్‌తో తనకు వచ్చిన రీడింగ్ పక్కవాడితో కలవడం లేదన్నాడు. జీరో ఎర్రర్, అంటే ఏమీ పెట్టకుండానే పరికరం చూపించే తేడా, చూసుకున్నావా అంటే చూసుకున్నానన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. వారం రోజుల్లో ల్యాబ్‌లోని స్క్రూగేజ్‌లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించి, దేనికెంత జీరో ఎర్రరో చిన్న కాగితం మీద రాసి, దారంతో ప్రతిదానికీ కట్టాడు. మూడింటిని "వాడవద్దు" అని విడిగా పెట్టాడు. నేను రిటైరయ్యేదాకా ఆ కాగితాలు వాటికి వేలాడుతూనే ఉన్నాయి. ఆ అబ్బాయికి ఉత్తరం రాయడానికి నాకు అరగంట పట్టింది. తెలివైనవాడు అన్న మాట కూడా వాడలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. తొమ్మిది కాలేజీలకు దరఖాస్తు చేస్తే ఎనిమిది వద్దన్నాయి. ఒకటి పూర్తి సాయంతో రమ్మంది.

మీ అమ్మాయికి ఇప్పుడు చేయవలసిన పని ఇదే. ఇద్దరు లెక్చరర్లకు తను పేరుతో సహా తెలియాలి. కాకా పట్టమని నా ఉద్దేశం కాదు. డౌట్ ఉంటే క్లాసయ్యాక వెళ్ళి అడగడం, అడిగిన డౌట్ మీద పనిచేసి మర్నాడు వచ్చి ఏం తేలిందో చెప్పడం. ముఖ్యంగా ఇంగ్లీషు లెక్చరర్‌తో. ఎంపీసీ పిల్లలు ఆయన క్లాసులో కెమిస్ట్రీ సమస్యలు చేసుకుంటూ కూర్చుంటారు. శ్రద్ధగా వినే ఒక్క పిల్ల ఆయనకు తప్పకుండా గుర్తుంటుంది. ఉత్తరం అడిగే సమయానికి తను ఒక కాగితం మీద "ఫలానా రోజు ఇలా జరిగింది, మీకు గుర్తుందా సార్" అని నాలుగైదు సంగతులు రాసి ఇస్తే చాలు. ఉత్తరం మాత్రం ఆయనే రాయాలి. వ్యాసం రాసిన చెయ్యి, ఉత్తరం రాసిన చెయ్యి ఒకటే అయితే చదివేవాళ్ళు పట్టేస్తారు.

వ్యాసం గురించి. కామన్ యాప్‌లో పెద్ద వ్యాసం 650 పదాలు దాటకూడదు. ఎంఐటీ తన ఫారంలో పెద్ద వ్యాసం అడగదు, చిన్నచిన్న జవాబులు కొన్ని అడుగుతుంది. మన పిల్లలు ఇందులో చేసే తప్పు, ఇంగ్లీషు గొప్పగా ఉండాలనుకోవడం. డిక్షనరీలో వెతికిన మాటలన్నీ పేర్చుతారు, వాళ్ళ గొంతు అందులో ఎక్కడా వినిపించదు. మీ అమ్మాయిని ముందు తెలుగులో చెప్పమనండి. మీకు కాదు, వాళ్ళ తాతయ్యకు. యార్డులో ఒక ఉదయం ఏం చూసింది, ఏది అనుకున్నట్టు జరగలేదు, అప్పుడు తనేమనుకుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని, తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషులో రాసుకోవాలి. తప్పులు దిద్దడానికి ఎవరి సాయమైనా తీసుకోవచ్చు. వాక్యాలు మాత్రం తనవే ఉండాలి. పసుపు మన సంస్కృతి, మన అమ్మమ్మల వైద్యం అని అమెరికా వాళ్ళను మెప్పించే వ్యాసం రాయవద్దని చెప్పండి. అలాంటిది ఎవరైనా రాస్తారు. ఫలానా తేదీన ఫలానా లాట్ ధర తన అంచనాకు ఎందుకు అందలేదో తను తప్ప ఎవరూ రాయలేరు. ఒకవేళ తను పసుపు గురించి కాకుండా హాస్టల్ గురించో, ఇంకేదో రాస్తానంటే అదీ మంచిదే, తన ఇష్టం.

జేఈఈ మాన్పించకండి. ఎంఐటీ మీద అంత ఆశ పెట్టుకోవద్దు అని చెప్పడం నా ధర్మం. ఇంత చేసినా రాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. 2024లో జేఈఈ మెయిన్‌కు 14 లక్షల మందికి పైగా నమోదు చేసుకుంటే ఐఐటీల్లో 17,740 సీట్లున్నాయి. ఆ పోటీ కూడా మీకు తెలిసిందే. అయినా ఆ చదువు వృథా పోదు. ఆ లెక్కలు, ఆ ఫిజిక్స్ ఎక్కడికెళ్ళినా పనికొస్తాయి. శాట్ లెక్కలు జేఈఈ పిల్లలకు తేలిక, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే భాగమే కష్టం. దానికి రోజూ పావుగంట ఏదైనా మంచి ఇంగ్లీషు చదవడమే మందు. కరోనా కాలంలో శాట్ అక్కర్లేదన్న ఎంఐటీ 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది. తర్వాత హార్వర్డ్ వంటివి కూడా అదే దారి పట్టాయి.

ఒక ఇబ్బంది మాత్రం ముందే తెలుసుకోండి. ఇంటర్ రెండో ఏడాది నవంబరు ఒకటి నుంచి జనవరి మొదటి వారం దాకా దరఖాస్తుల గడువులు పడతాయి. జనవరిలోనే జేఈఈ మెయిన్ మొదటి విడత. రెండూ ఒకేసారి మీద పడితే పిల్లకు టెన్షన్ తట్టుకోవడం కష్టం. అందుకే శాట్, వ్యాసాల మొదటి ప్రతులు మొదటి సంవత్సరం తర్వాత వచ్చే వేసవి సెలవుల్లోనే అయిపోవాలి. కాలేజీ ప్రిన్సిపాల్ గారితో కూడా ఆ వేసవికి ముందే మాట్లాడండి. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల రికార్డులు, స్కూల్ గురించి ఒక నివేదిక ఆయన పంపాలి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అయివుంటుంది. ఎంఐటీలో ఏడాది ఖర్చు 80 వేల డాలర్ల పైనే. ఆ అంకె చూసి భయపడకండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటి కొన్ని కాలేజీలు విదేశీ పిల్లల విషయంలో కూడా కట్టగలరా లేదా అని చూడకుండానే ఎంపిక చేస్తాయి, ఎంపికయ్యాక కుటుంబ ఆదాయాన్ని బట్టి అవసరమైనంతా ఇస్తాయి. డార్ట్‌మత్, బౌడన్, బ్రౌన్ కూడా ఆ వరసలో చేరాయి. మీ ఇద్దరి జీతాలతో నడిచే ఇంటికి ఖర్చులో చాలా భాగం వాళ్ళే భరిస్తారు. మిగతా చాలా కాలేజీల్లో సాయం అడిగితే ఎంపిక అవకాశం తగ్గుతుంది. కాబట్టి జాబితా రాసుకునేటప్పుడు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఈ ఒక్క సంగతి ముందు చూడండి. దరఖాస్తు రుసుము కట్టలేకపోతే మినహాయింపు అడగవచ్చు.

మన దగ్గర కూడా ర్యాంకు ఒక్కటే చూడని చోట్లు ఉన్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తన సొంత పరీక్ష, ఇంటర్వ్యూతో కొందరిని, ఒలింపియాడ్‌లలో పైదాకా వెళ్ళినవాళ్ళలో కొందరిని తీసుకుంటుంది. లెక్కల మీద నిజమైన ప్రేమ ఉంటే చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాయించండి. ఈ పేర్లు ఎంఐటీతో పాటే అదే కాగితం మీద ఉండాలి, కింద ఎక్కడో కాదు.

మీరూ టీచరే కాబట్టి ఒక మాట చనువుగా అంటున్నాను. "తనకు చదువు తప్ప వేరే ఏమీ లేదు" అని కన్సల్టెన్సీ వాళ్ళ ముందు, బహుశా పిల్ల ఎదురుగానే అనివుంటారు. ఆ మాట తను విని ఉంటే, ఈసారి ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఆ నోటుబుక్కుల్లో ఒకటి తెరిచి చూపించమని అడగండి. ఇప్పటికి ఇంతే చాలు. వేసవిలో శాట్ తేదీ ఖాయమయ్యాక మళ్ళీ రాయండి, వ్యాసం మొదటి ప్రతి నేను చదువుతాను. ఈలోగా బీరువా సర్దేటప్పుడు ఆ పుస్తకాలను పాత పేపర్లతో కలిపి వేసేయకండి. ఆరో తరగతివి కూడా.